మిస్సోరీ రైతుబిడ్డ హ్యారీ ట్రూమన్

అమెరికా అధ్యక్షుల పేర్లు చెప్పమంటే మన బడి పిల్లలు వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్, రూజ్‌వెల్ట్, కెనెడీ అంటూ గడగడా చెప్పేస్తారు. ఆ వరుసలో హ్యారీ ట్రూమన్ పేరు ఎప్పుడూ కాస్త వెనకబడిపోతుంది. ఆయన గొప్ప వక్త కాదు. ధనవంతుల బిడ్డ కాదు. కాలేజీ పట్టా కూడా లేదు. కానీ ఈనాటి ప్రపంచపటం మీద కనిపించే గీతల్లో చాలా భాగం ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఆ ఎనిమిదేళ్ళలోపే పడ్డాయి. అంతకంటే మనకు దగ్గరి సంగతి ఒకటుంది. భారతదేశం నుంచి వచ్చినవారు ఈ దేశపు పౌరులు కావచ్చునని చెప్పిన చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

చిన్నారులూ, ఆయన కథ చదివేముందు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. ఎక్కడో దూరదేశంలో యుద్ధం మొదలైతే, ఒక దేశం ఏం చేస్తుందన్నది దేన్నిబట్టి ఉంటుంది? ఆ దేశపు కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టా, ఆ దేశానికి చుట్టాలూ స్నేహితులూ ఎవరన్నదాన్ని బట్టా? మన తెలుగువాళ్ళకు ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1529లో పోయాక విజయనగరం నడక మారింది. కొంతకాలానికి సింహాసనం మీద సదాశివరాయలు ఉన్నా అధికారమంతా అళియ రామరాయల చేతికి వచ్చింది. ఆయన దక్కను సుల్తానుల్లో ఒకరిమీద మరొకరిని ఎగదోస్తూ చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాడు. చివరికి ఆ సుల్తానులే పాత పగలు పక్కనపెట్టి ఒక్కటయ్యారు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఏమైందో మీ అమ్మనో నాన్ననో అడగండి. నాయకుడు మారడం, జట్లు మారడం, ఈ రెండూ కలిస్తే రాజ్యాల తలరాతలు మారిపోతాయి. ట్రూమన్ కథలోనూ మళ్ళీ మళ్ళీ జరిగింది అదే.

బాల్యం, పొలం, కొట్టు

హ్యారీ ట్రూమన్ 1884 మే 8న మిస్సోరీ రాష్ట్రంలోని లమార్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి జాన్, తల్లి మార్తా. పేరు మధ్యలో ఉన్న ఎస్ అనే అక్షరానికి ఏ పూర్తిపేరూ లేదు. ఇద్దరు తాతల పేర్లలోనూ ఆ అక్షరం ఉంది కనుక, ఎవరికీ కష్టం కలగకుండా అక్షరం ఒక్కటే ఉంచేశారట. మన ఇళ్ళలో పిల్లవాడికి పేరు పెట్టేటప్పుడు రెండువైపుల పెద్దల మధ్య జరిగే మంతనాలు తెలిసినవారికి ఇది బాగా అర్థమవుతుంది.

చిన్నప్పుడే చూపు సరిగా లేక మందపాటి కళ్ళద్దాలు వచ్చాయి. కళ్ళద్దాలు పగిలితే మళ్ళీ కొనడం కష్టం కాబట్టి ఆటలకు దూరంగా ఉండి పుస్తకాలకూ పియానోకూ దగ్గరయ్యాడు. చరిత్ర పుస్తకాలంటే ప్రాణం. 1901లో హైస్కూలు పూర్తయ్యేసరికి ఇంట్లో డబ్బు చిక్కులు వచ్చిపడ్డాయి. కాలేజీ ఆశ వదులుకుని కాన్సస్ సిటీలో బ్యాంకు గుమాస్తాగా చేరాడు. 1906లో గ్రాండ్‌వ్యూ దగ్గరి కుటుంబ పొలానికి తిరిగి వచ్చి, దాదాపు పదేళ్ళు అరక పట్టి వ్యవసాయం చేశాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా దిగినప్పుడు ట్రూమన్‌కు 32 ఏళ్ళు. చూపు సరిలేకపోయినా సైన్యంలో చేరి, ఫ్రాన్సులో ఫిరంగిదళానికి కెప్టెన్‌గా పనిచేశాడు. యుద్ధమంటే పటం మీద బాణం గుర్తులు కాదనీ, బురదలో, చలిలో నిలబడిన మనుషులనీ ఆయనకు స్వయంగా తెలుసు. తిరిగొచ్చి 1919లో చిన్ననాటి స్నేహితురాలు బెస్ వాలెస్‌ను పెళ్ళి చేసుకున్నాడు. సైన్యంలో తనతో పనిచేసిన ఎడ్డీ జాకబ్సన్‌తో కలిసి మగవాళ్ళ దుస్తుల దుకాణం పెట్టాడు. అది 1922లో మూతపడింది. దివాలా తీశానని చేతులు దులుపుకోకుండా, అప్పులు తీర్చడానికి ఏళ్ళతరబడి కష్టపడ్డాడు.

ఆ తర్వాతే రాజకీయాలు. స్థానిక పార్టీ పెద్ద టామ్ పెండర్‌గాస్ట్ అండతో కౌంటీ పదవి దొరికింది. పెండర్‌గాస్ట్‌కు మంచి పేరు లేదు, తర్వాత జైలుకు కూడా వెళ్ళాడు. ఆ నీడ ట్రూమన్‌ను చాలాకాలం వెంటాడింది. కానీ రోడ్లు వేయించడంలో, లెక్కలు చూపించడంలో తాను నిజాయితీపరుడినని ఆయన నిరూపించుకున్నాడు. 1934లో సెనేటర్ అయ్యాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనిక కాంట్రాక్టుల్లో దుబారాను వెతికి పట్టుకునే సెనేట్ సంఘానికి అధ్యక్షత వహించాడు. దేశానికి ఆయన పేరు తెలిసింది అప్పుడే.

82 రోజుల ఉపాధ్యక్షుడు

1944లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగోసారి పోటీకి దిగాడు. అప్పటికి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్. సోవియట్ యూనియన్‌తో స్నేహంగా ఉండాలన్న ఆలోచన ఆయనది. పార్టీలోని పెద్దలకు వాలెస్ నచ్చలేదు. రూజ్‌వెల్ట్ ఆరోగ్యం బాగాలేదని వాళ్ళకు తెలుసు కనుక, ఉపాధ్యక్షుడి ఎంపిక అంటే రేపటి అధ్యక్షుడి ఎంపికే అని కూడా తెలుసు. చికాగోలో జరిగిన పార్టీ సమావేశంలో వాలెస్‌ను తప్పించి ట్రూమన్‌ను నిలబెట్టారు.

1945 జనవరి 20న ట్రూమన్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో రూజ్‌వెల్ట్ హఠాత్తుగా కన్నుమూశాడు. మధ్యలో గడిచింది 82 రోజులు. ఆ సాయంత్రం ట్రూమన్‌ను వైట్‌హౌస్‌కు పిలిపించి, ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఆ వార్త చెప్పింది. రాత్రి 7 గంటలు దాటగానే ఆయన ప్రమాణస్వీకారం చేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ మరణం మూడునెలలు ముందు జరిగి ఉంటే అధ్యక్షుడయ్యేది వాలెస్. తర్వాత 1946లో ఈ వాలెస్సే మంత్రిగా ఉంటూ, రష్యాపట్ల కఠినంగా ఉండటం తప్పని బహిరంగంగా మాట్లాడితే ట్రూమన్ ఆయనను పదవినుంచి తొలగించాడు. అంటే ఒక్క పార్టీ సమావేశంలో మారిన ఒక్క పేరు అమెరికా విదేశాంగ విధానాన్నే ఒక మలుపు తిప్పింది.

రూజ్‌వెల్ట్ తన ఉపాధ్యక్షుడికి యుద్ధ రహస్యాలేవీ చెప్పలేదు. ఇద్దరూ ఏకాంతంగా కలుసుకున్నది కూడా చాలా తక్కువ. అణుబాంబు తయారవుతోందన్న పూర్తి సమాచారం ట్రూమన్‌కు తెలిసింది అధ్యక్షుడైన దాదాపు రెండువారాలకు, ఏప్రిల్ 25న. సరిగ్గా అదేరోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితిని స్థాపించే మహాసభ మొదలైంది. రూజ్‌వెల్ట్ పోయాడు కదా, సభ వాయిదా వేద్దామా అని అడిగినవారికి, అనుకున్న రోజునే జరగాలని ట్రూమన్ వెంటనే చెప్పాడు. ఆ సభలో భారత ప్రతినిధివర్గం నాయకుడిగా వచ్చి సమితి నియమావళి మీద సంతకం చేసినవారు సర్ ఆర్కాటు రామస్వామి మొదలియార్. ఆయన పుట్టింది మన కర్నూలులోనే. అప్పటికి భారతదేశం ఇంకా బ్రిటిష్‌వారి పాలనలోనే ఉంది.

పాట్స్‌డామ్‌లో మారిన ముఖాలు

1945 జులైలో జర్మనీలోని పాట్స్‌డామ్‌లో మూడు పెద్దదేశాల నాయకులు సమావేశమయ్యారు. అంతకు ఐదునెలల ముందు యాల్టాలో కూర్చున్న ముగ్గురు రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్. ఇప్పుడు రూజ్‌వెల్ట్ స్థానంలో ట్రూమన్ వచ్చాడు. సమావేశం మధ్యలోనే బ్రిటన్ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను ప్రజలు ఓడించారు. లేబర్ పార్టీ నాయకుడు క్లెమెంట్ అట్లీ ఆయన కుర్చీలోకి వచ్చాడు. పాత ముగ్గురిలో మిగిలింది స్టాలిన్ ఒక్కడే.

ఈ మార్పు మన దేశానికి చాలా ముఖ్యమైనది. 1942లో భారతదేశానికి స్వపరిపాలన ఇవ్వమని రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు నచ్చజెప్పబోయాడు. చర్చిల్ ససేమిరా అన్నాడు. హిట్లర్‌తో యుద్ధం జరుగుతుండగా మిత్రుడితో తెగదెంపులు చేసుకోలేక రూజ్‌వెల్ట్ వెనక్కి తగ్గాడు. మిత్రత్వం బలాన్నిస్తుంది కానీ నోటికి తాళం కూడా వేస్తుంది. అట్లీ ప్రభుత్వం వచ్చాక రెండేళ్ళకు, 1947 ఆగస్టు 15న, భారతదేశం స్వతంత్రమైంది. స్వాతంత్ర్యం మన పోరాటఫలమే, అందులో సందేహం లేదు. కానీ తలుపు అవతలివైపు నిలబడ్డ మనిషి మారడం కూడా ఆ తలుపు తెరుచుకునే వేళను నిర్ణయించింది.

పాట్స్‌డామ్ నుంచి తిరిగివచ్చే దారిలోనే ట్రూమన్‌కు హిరోషిమా వార్త అందింది. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఆ ఏడాది చివరికి రెండు నగరాల్లో కలిపి దాదాపు రెండు లక్షలమంది చనిపోయారని అంచనా. యుద్ధం త్వరగా ముగిసి లక్షలాది సైనికుల ప్రాణాలు దక్కాయని ట్రూమన్ జీవితాంతం నమ్మాడు. పసిపిల్లలూ వృద్ధులూ ఉన్న నగరాలమీద అలాంటి ఆయుధం వేయడాన్ని ఎలా సమర్థిస్తామని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాగసాకి తర్వాత తన స్పష్టమైన అనుమతి లేకుండా మరో బాంబు వేయరాదని ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఆయుధం మీద నిర్ణయం సైన్యాధికారిది కాదు, ప్రజలెన్నుకున్న అధ్యక్షుడిదే అన్న పద్ధతి అక్కడే మొదలైంది.

మనకు తలుపు తెరిచిన సంతకం

1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ తింద్ కేసులో భారతీయులు ఈ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంతకుముందే, 1917 చట్టంతో, మనదేశం నుంచి కూలీలు, సామాన్యులు రావడం దాదాపుగా ఆగిపోయింది. ఇక్కడ ఉన్న కొద్దిమంది రైతులూ విద్యార్థులూ ఎంతకాలం ఉన్నా పరాయివాళ్ళుగానే ఉండిపోయారు.

యుద్ధం ఈ లెక్క మార్చింది. జపాన్‌తో పోరులో చైనా అమెరికాకు మిత్రదేశం. మిత్రుడి బిడ్డలను గుమ్మం బయట నిలబెట్టడం సిగ్గుచేటని 1943లో చైనీయులమీద ఉన్న నిషేధం ఎత్తివేశారు. ఆ యుద్ధంలో భారతదేశం నుంచి పాతిక లక్షలమంది సైనికులు పాల్గొన్నారు. మరి వాళ్ళ సంగతేమిటని ఇక్కడి భారతీయులు కాంగ్రెస్ సభ్యుల తలుపులు తట్టారు. క్లేర్ బూత్ లూస్, ఎమాన్యుయెల్ సెల్లర్ బిల్లు ప్రవేశపెట్టారు. ఒకరు రిపబ్లికన్, మరొకరు డెమొక్రాట్. రూజ్‌వెల్ట్ కాలంలో మొదలైన ఆ పని ట్రూమన్ కాలంలో పూర్తయింది. 1946 జులై 2న ట్రూమన్ సంతకంతో అది చట్టమైంది. ఏడాదికి నూరుమంది భారతీయులు రావచ్చు, ఇక్కడున్నవారు పౌరులు కావచ్చు.

నూరుమంది అంటే మన బడి వార్షికోత్సవంలో రెండు వరుసల కుర్చీలు. అయినా ఆ చట్టం వల్లనే దలీప్‌సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారతీయుడయ్యాడు. 1952లో దేశాలవారీ కోటాలను కొనసాగించే మరో బిల్లు వస్తే ట్రూమన్ దాన్ని వీటో చేశాడు. కాంగ్రెస్ ఆయన మాట తోసిపుచ్చి దాన్ని చట్టం చేసింది. ఆ కోటాలు పోవడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా బిల్లు తెచ్చినవారిలో అదే సెల్లర్ ఉన్నాడు. మన తాతలూ తండ్రులూ ఈ గడ్డమీద అడుగుపెట్టింది ఎక్కువగా ఆ చట్టం తర్వాతే.

కొత్త జట్లు

యుద్ధం ముగిసిన రెండేళ్ళలో నిన్నటి మిత్రులు ఎదురెదురుగా నిలబడ్డారు. తూర్పు యూరప్ స్టాలిన్ గుప్పిట్లోకి వెళ్ళింది. గ్రీస్, టర్కీలకు ఇక సాయం చేయలేమని బ్రిటన్ చేతులెత్తేసింది. 1947 మార్చి 12న ట్రూమన్ కాంగ్రెస్ ముందుకు వెళ్ళి ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడిగాడు.

అప్పుడు కాంగ్రెస్ ఉభయసభలూ ఎదుటి పార్టీ చేతిలో ఉన్నాయి. 1946 ఎన్నికల్లో రిపబ్లికన్లు గెలిచారు. అయినా ట్రూమన్ రిపబ్లికన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్‌ను కలుపుకుపోయాడు. ఒకప్పుడు విదేశీ గొడవలు మనకెందుకని వాదించిన వాండెన్‌బర్గ్ యుద్ధం చూశాక మనసు మార్చుకున్నాడు. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా వీధిలో ఒకే మాటమీద ఉండాలన్న మన పెద్దల సూత్రాన్ని వాళ్ళిద్దరూ పాటించారన్నమాట. యుద్ధంలో చితికిపోయిన పశ్చిమ యూరప్‌ను నిలబెట్టడానికి దాదాపు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చిన పథకం కూడా ఇలాగే గట్టెక్కింది. దానికి ట్రూమన్ తన పేరు పెట్టుకోలేదు. విదేశాంగమంత్రి జార్జ్ మార్షల్ పేరుమీదే అది మార్షల్ ప్లాన్ అయింది.

1948 జూన్‌లో స్టాలిన్ బెర్లిన్ నగరానికి పశ్చిమంవైపు నుంచి వెళ్ళే రోడ్లూ రైళ్ళూ మూసేశాడు. సైన్యంతో దారి తెరిస్తే యుద్ధం, వదిలేస్తే ఇరవై లక్షలమంది ఆకలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ట్రూమన్ మూడో దారి పట్టాడు. అమెరికా, బ్రిటన్ విమానాలు బొగ్గూ పిండీ పాలపొడీ మోసుకుపోయి దింపాయి. మొత్తం 2 లక్షల 77 వేలకు పైగా విమాన ప్రయాణాలు జరిగాయి. 1949 మేలో స్టాలిన్ దిగ్బంధం ఎత్తివేశాడు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో పన్నెండు దేశాలు నాటో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏ ఒక్కరిమీద దాడి జరిగినా అందరిమీదా జరిగినట్టే అన్నది దాని ప్రాణం. శాంతికాలంలో యూరప్ దేశాలతో ఇలాంటి ఒడంబడికలు వద్దన్నది వాషింగ్టన్, జెఫర్సన్‌ల నాటి నుంచి వచ్చిన పద్ధతి. దాన్ని ట్రూమన్ మార్చాడు. సెనేట్ 82-13 ఓట్లతో ఒప్పుకుంది. 2024 నాటికి నాటోలో 32 దేశాలయ్యాయి. ఒకరికొకరం అన్న ఆ నిబంధనను ఇప్పటివరకు ఒక్కసారే అమలుకు తెచ్చారు, అది 2001 సెప్టెంబరు 11న అమెరికామీద దాడి జరిగినప్పుడు.

కొరియా యుద్ధం

1950 జూన్ 25, ఆదివారం. ఉత్తర కొరియా సైన్యం 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణ కొరియా మీదికి వచ్చిపడింది. ట్రూమన్ అప్పుడు స్వగ్రామం ఇండిపెండెన్స్‌లో ఉన్నాడు. హుటాహుటిన వాషింగ్టన్ చేరి, ఐక్యరాజ్యసమితి ద్వారానే కదలాలని నిర్ణయించాడు. చైనా స్థానం కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వలేదన్న కోపంతో రష్యా ఆ రోజుల్లో భద్రతామండలికి రావడం లేదు. అందుకే వీటో అడ్డురాలేదు. పదహారు దేశాలు పోరాటానికి సైన్యాలు పంపాయి.

స్వతంత్ర భారతదేశం ఏ జట్టులోనూ చేరలేదు. నెహ్రూ 1949 అక్టోబరులో అమెరికా వచ్చి ట్రూమన్ ఆతిథ్యం స్వీకరించారు కానీ కూటమిలో చేరడానికి ఒప్పుకోలేదు. ఉత్తర కొరియాది దురాక్రమణేనన్న తీర్మానానికి భారత్ ఓటు వేసింది. సైనికులను మాత్రం పంపలేదు, వైద్యదళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియాలో గాయపడినవారికి మూడేళ్ళకు పైగా సేవచేసింది. ఆ సమయంలో మాస్కోలో భారత రాయబారి మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. యుద్ధం ఆపడానికి సాయపడమని 1950 జులైలో నెహ్రూ ఇటు అమెరికాకూ అటు స్టాలిన్‌కూ లేఖలు రాశారు. అమెరికా ఆ సూచనను అంగీకరించలేదు.

సెప్టెంబరులో జనరల్ మెకార్థర్ ఇంచన్ రేవులో సైన్యాన్ని దింపి యుద్ధాన్ని మలుపు తిప్పాడు. ఇక ఆగుదామా, ఉత్తర కొరియాను కూడా పట్టుకుందామా? అమెరికా సైన్యం 38వ రేఖ దాటితే తాము దిగుతామని చైనా ప్రధాని చౌ ఎన్ లై అక్టోబరు 3న పెకింగ్‌లోని భారత రాయబారి కె.ఎం. పణిక్కర్ ద్వారా హెచ్చరిక పంపాడు. జట్టులో లేనివాడి మాటకు వాషింగ్టన్‌లో విలువ దక్కలేదు. అది ఉత్త బెదిరింపనుకున్నారు. నవంబరు చివరికి లక్షలాది చైనా సైనికులు విరుచుకుపడ్డారు. ట్రూమన్ ప్రభుత్వం చేసిన పెద్ద పొరపాట్లలో ఇదొకటని చాలామంది చరిత్రకారులు రాశారు.

అణుబాంబు వాడే విషయం కూడా పరిశీలనలో ఉందని నవంబరు 30న ట్రూమన్ విలేకరులతో అన్నాడు. లండన్ ఉలిక్కిపడింది. అట్లీ వెంటనే విమానమెక్కి వాషింగ్టన్ వచ్చి, యుద్ధాన్ని పెంచవద్దని మిత్రుడిగా నచ్చజెప్పాడు. మెకార్థర్ మాత్రం చైనామీదికే పోవాలని పట్టుబట్టాడు, అధ్యక్షుడి విధానాన్ని బాహాటంగా విమర్శించాడు. 1951 ఏప్రిల్ 11న ట్రూమన్ ఆయనను పదవినుంచి తప్పించాడు. దేశం భగ్గుమంది. న్యూయార్కులో మెకార్థర్‌కు లక్షలాదిమంది నీరాజనాలు పట్టారు. ట్రూమన్ పరువు పాతాళానికి దిగిపోయింది. అయినా ఆయన మాట మార్చలేదు. సేనాని ఎంత గొప్పవాడైనా ప్రజలెన్నుకున్న ప్రభుత్వానికి లోబడాలి. పైగా మిత్రదేశాలను పోగొట్టుకుని, మూడో ప్రపంచయుద్ధాన్ని కొని తెచ్చుకునే గెలుపు ఆయనకు అక్కర్లేదు. పాము చావాలి, కర్ర విరగకూడదు అన్నది ఆయన కోరిక. పాము చావలేదు కానీ కర్ర విరగలేదు.

ఆ జట్టుల గొడవ మన ఇళ్ళ పొయ్యిదాకా వచ్చింది. ఆ రోజుల్లో భారతదేశంలో తిండిగింజలకు కటకట. మన రాయలసీమ కూడా కరవుతో అల్లాడింది. 20 లక్షల టన్నుల ధాన్యం కావాలని భారత్ అడిగింది. 1951 ఫిబ్రవరిలో ట్రూమన్ ఆ సాయం చేయమని కాంగ్రెస్‌ను కోరాడు. కొరియా విషయంలో నెహ్రూ తమవైపు నిలబడలేదన్న కోపంతో కొందరు సభ్యులు నెలలతరబడి అడ్డుకున్నారు. చివరికి జూన్ 15న ట్రూమన్ సంతకం చేశాడు. ఉచితంగా కాదు, 19 కోట్ల డాలర్ల అప్పుగా.

కుర్చీలు మారాక వచ్చిన శాంతి

1951 జులైలో సంధి చర్చలు మొదలయ్యాయి. యుద్ధఖైదీల దగ్గర ఆగిపోయాయి. స్వదేశానికి వెళ్ళనని భయపడే ఖైదీని బలవంతాన పంపనని ట్రూమన్ పట్టుబట్టాడు. అందరినీ పంపాల్సిందేనని ఎదుటిపక్షం అంది. మాట మంచిదే, కానీ ఆ మాటకోసం యుద్ధం ఏడాదికి పైగా సాగింది, వేలమంది కూలిపోయారు. ఒక మంచి సూత్రానికి ఎన్ని ప్రాణాలు ఖర్చు పెట్టవచ్చు? దీనికి తేలిక జవాబు లేదు.

1952 మార్చిలో ట్రూమన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు. యుద్ధంతో విసిగిన ప్రజలు నవంబరులో రిపబ్లికన్ పార్టీ ఐసెన్‌హోవర్‌ను గెలిపించారు. డిసెంబరులో ఖైదీల చిక్కు విప్పడానికి భారత్ చేసిన తీర్మానాన్ని ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. రష్యా, చైనా కాదన్నాయి. 1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయాడు. మాస్కోలో కొత్తగా వచ్చినవారికి ఆ యుద్ధం బరువనిపించింది. జులై 27న కాల్పుల విరమణ జరిగింది. ఖైదీల అప్పగింతకు భారత తీర్మానంలోని ఆలోచనే దారి చూపింది. ఆ సంఘానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. ఏ జట్టులోనూ లేనివాడి మాట 1950లో ఎవరూ వినలేదు. 1953లో ఇరుపక్షాలకూ అలాంటివాడే కావలసి వచ్చాడు.

దాదాపు 36 వేలమంది అమెరికన్ సైనికులు, లక్షలాది కొరియన్లు, చైనీయులు ఆ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయారు. సరిహద్దు మొదలైన చోటికి దగ్గరలోనే ఆగింది. శాంతి ఒప్పందం మాత్రం ఆనాడు కుదరలేదు.

మళ్ళీ ఇండిపెండెన్స్‌కు

1952లో ఒక దశలో ట్రూమన్‌ను మెచ్చుకున్నవారు నూటికి 22 మందే. 1953 జనవరి 20న పదవి దిగి, ఆయనా బెస్సూ రైలెక్కి సొంత ఊరికి వెళ్ళిపోయారు. పాత ఇంట్లోనే ఉంటూ రోజూ పొద్దున్నే వీధుల్లో చురుగ్గా నడిచేవాడు. 1957లో ఇండిపెండెన్స్‌లో ఆయన గ్రంథాలయం తెరిచారు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ అక్కడికే వచ్చి వృద్ధుల వైద్యచట్టం మీద సంతకం చేసి, మొదటి మెడికేర్ కార్డు ట్రూమన్‌కు ఇచ్చాడు. అలాంటి ఆరోగ్య బీమా కోసం ట్రూమన్ ఇరవై ఏళ్ళ ముందే ప్రయత్నించి ఓడిపోయాడు. 1972 డిసెంబరు 26న, 88వ ఏట ఆయన కన్నుమూశాడు. సమాధి ఆ గ్రంథాలయం ఆవరణలోనే ఉంది. తర్వాతి తరాల చరిత్రకారులు ఆయనను మంచి అధ్యక్షుల వరుసలో చేర్చారు.

చిన్నారులూ, ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. కుర్చీలో మనిషి మారితే దేశం నడక మారుతుంది. వాలెస్ కాకుండా ట్రూమన్ రావడం, చర్చిల్ పోయి అట్లీ రావడం, స్టాలిన్ పోవడం, ప్రతిసారీ ఏదో ఒక తలుపు మూసుకుంది, మరొకటి తెరుచుకుంది. స్నేహితులు కూడా మారుస్తారు. మిత్రుల మాట విని ట్రూమన్ పెద్ద యుద్ధం నుంచి ఆగాడు, మిత్రుడు కాదని ఒక మంచి హెచ్చరికను పెడచెవిన పెట్టాడు. మీరు కూడా స్నేహితుల మధ్య తగవు వచ్చినప్పుడు ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి. మన జట్టు కానివాడు చెప్పే మాట కూడా నిజం కావచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ దేశంలో కుర్చీ ఎవరిదో తేల్చేది ఓటు. 1946కు ముందు ఇక్కడి భారతీయులకు ఆ దారి మూసి ఉండేది. పౌరసత్వం వచ్చినవారు ఓటు నమోదు చేసుకోండి, పోలింగ్ రోజున పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళండి. కాన్సస్ సిటీ వైపు ప్రయాణం పడితే ఇండిపెండెన్స్‌లో ఆగి, ఆ గ్రంథాలయం ఒక పూట చూసి రండి. మిస్సోరీ పొలంలో అరక పట్టిన చేయి ఎన్ని దేశాల తలరాతల మీద సంతకం చేసిందో పిల్లలకు అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.